పులి నడచిన దారి

ఒకప్పుడు మన సంస్థానాధీశుల కోటలలోను, జమీందారుల దివాణాలలోను, ఇంగ్లీషు కలెక్టర్ల బంగళాలలోను గోడమీద పులితల వేలాడుతూండేది. నేలమీద పులిచర్మం పరచి ఉండేది. పక్కనే ఒక ఫోటో. చచ్చిన పులిమీద బూటుకాలు మోపి, తుపాకి చేతబట్టి నిలబడిన దొరవారు అందులో కనబడతారు. కనబడనివాడు మరొకడున్నాడు. తెల్లవారకముందే డప్పులు వాయిస్తూ అడవి గాలించి, పులిని దొరవారి మంచెవైపు తోలిన గోండు, బైగా, కోయ కూలివాడు. పులి తిరగబడితే మొదట చచ్చేదీ వాడే. వాడి పేరు ఏ గెజిటీరులోనూ లేదు.

ఆ చర్మాలకూ ఎముకలకూ ఇటీవల ఒక కొత్త ప్రయోజనం కలిగింది. బ్రిటిష్‌వారు వేటాడి లండన్ తదితర నగరాల మ్యూజియములకు తరలించిన పులుల అవశేషాల నుంచి శాస్త్రజ్ఞులు జన్యుపదార్థం తీసి, నేటి మన అడవులలోని పులుల జన్యుపదార్థంతో సరిపోల్చారు. మండల్, బ్రూఫర్డ్, ఉమా రామకృష్ణన్ అనేవారు 2013లో ఫలితం ప్రకటించారు. తల్లి ద్వారా మాత్రమే సంక్రమించే మైటోకాండ్రియా జన్యుపదార్థంలో, నాటి పులులలో కనిపించిన భేదాలలో 93 శాతం, నేడు పరీక్షించిన పులులలో కానరావడం లేదు. అంతేగాక, ఒక ప్రాంతపు పులులకూ మరొక ప్రాంతపు పులులకూ నాడు ఉన్న ఎడం కంటె నేటి ఎడం ఎక్కువ.

ఈ రెండు ఫలితాలనూ విడదీసి చూడరాదు. మొదటిది చావుకు సంబంధించినది. రెండవది దారికి సంబంధించినది. పులులు చచ్చినమాట అందరికీ తెలుసు. వాటి దారులు తెగినమాట చాలామందికి తెలియదు. ఈ వ్యాసం ఆ రెండవదాన్ని గురించి.

దారికీ జన్యువుకూ సంబంధమేమిటి? మేనరికాలు ఎరిగిన తెలుగు పాఠకుడికి దీన్ని వివరించడం కష్టం కాదు. ఒక చిన్న ఊరు, బయటి సంబంధాలు చేసుకోక తమలో తామే ఇచ్చిపుచ్చుకొంటూ పది తరాలు గడిపిందనుకోండి. ప్రతి మనిషిలోనూ పైకి తేలని లోపాలు కొన్ని దాగి ఉంటాయి. అదే లోపం తల్లివైపు నుంచీ తండ్రివైపు నుంచీ ఒకే బిడ్డకు వచ్చినప్పుడు అది బయటపడుతుంది. ఊరు పెద్దదైతే, బయటినుంచి కోడళ్ళు వస్తూంటే ఆ ప్రమాదం తగ్గుతుంది. తరానికి ఒకరిద్దరు వచ్చినా చాలా మేలు. అడవి జంతువుకు ఆ బయటి సంబంధం తెచ్చేది కాలినడక. నడకకు దారి కావాలి. ఆ దారిలో కొండ, నది, పొలం, పట్నం ఏవి ఎంతమేరకు అడ్డువస్తున్నాయో జన్యువులలో వెదకి చూసే శాస్త్రానికి 2003లో ఒక ప్రత్యేకనామం పెట్టారు. దాన్ని మనం భూదృశ్య జన్యుశాస్త్రం అనుకోవచ్చు.

పేరు కొత్తదైనా ఆలోచన పాతదే. సోవియట్ శాస్త్రజ్ఞుడు చెత్వెరికోవ్ 1926లోనే, ప్రయోగశాల సీసాలలోని ఈగలను కాక స్వేచ్ఛగా తిరిగే జీవుల సమూహాలను జన్యుశాస్త్రం పట్టించుకోవాలని వాదించాడు. ఇంగ్లండులో హాల్డేన్ 1930లో, విడిపోయిన సమూహాలలో ఏం జరుగుతుందో గణితంతో చర్చించాడు. అమెరికాలో సీవల్ రైట్ 1943లో, దూరం పెరిగినకొద్దీ ఒకే జాతి జీవుల మధ్య భేదం ఎలా పెరుగుతుందో సూత్రీకరించాడు. వీరిలో హాల్డేన్ మనకు పరాయివాడు కాడు. 1957లో ఈ దేశం వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. పిఠాపురంలో పుట్టిన ఆయన శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖాన్‌తో కలిసి, ఆంధ్రదేశంలోని మేనరికపు వివాహాలమీద 1963లో వ్యాసం ప్రకటించాడు. పైన నేను చెప్పిన పోలిక కేవలం అలంకారం కాదని ఇందువల్ల తెలుస్తుంది.

ఇక్కడ మనం దాచరాని సంగతి ఒకటుంది. చెత్వెరికోవ్‌ను 1929లో అరెస్టు చేసి ప్రవాసం పంపారు. 1948లో లైసెంకో వర్గం జన్యుశాస్త్రాన్నే బూర్జువా శాస్త్రమని తోసిపుచ్చింది. అప్పుడు అభ్యుదయవాదులమని చెప్పుకొనేవారిలో కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు మౌనం వహించారు. ఒక నిజం మనకు అనుకూలమా ప్రతికూలమా అని ముందు చూసుకొని, ఆ తరువాత అది నిజమా కాదా అని అడిగే అలవాటు ఎంత నష్టం తెస్తుందో ఆ ఉదంతం చెబుతుంది. ఈ వ్యాసం చివర ఆ పాఠంతో మళ్ళీ పని పడుతుంది.

ఇక మధ్యభారతం చూద్దాం. సాత్పురా, మైకల్ కొండలు పడమటినుంచి తూర్పుకు సాగుతాయి. మేల్‌ఘాట్, సాత్పురా, పెంచ్, కాన్హా అడవులు ఆ కొండలలోనివే. దక్షిణాన తడోబా, అక్కడినుంచి వార్ధా, ప్రాణహిత నదుల మీదుగా మన ఆదిలాబాదు అడవులు. ఇవి వేరువేరు అడవులుగా మనకు పటంలో కనిపిస్తున్నాయి గాని, ఒకప్పుడు వీటి నడుమ ఉన్నదీ చాలావరకు అడవే. అక్కడక్కడ గోండుల పల్లెలు, వాటి చుట్టూ పోడు పొలాలు. పులి ఆ పల్లెల పక్కనుంచే నడచిపోయేది.

ఆ అల్లిక తెగడానికి మొదటి పెద్ద కారణం సామ్రాజ్యవాదం. రైలుపట్టాల కింద పరచడానికి టేకు, సాల దుంగలు కావలసివచ్చాయి. 1865లో ఒక అటవీచట్టం, 1878లో దాన్ని మించిన మరొకటి వచ్చాయి. అడవి సర్కారు ఆస్తి అయింది. అందులో తరతరాలుగా ఉన్నవాడు దొంగ అయ్యాడు. సాగుశిస్తు పెంచుకోవడానికి పులి అడ్డమని దాని తలకు రొక్కం కట్టారు. చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్క ప్రకారం 1875 నుంచి 1925 వరకు 50 ఏళ్ళలో చంపిన పులులు 80 వేలకు మించినవి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా విదేశీ వేటగాళ్ళకు సఫారీలు నడిచాయి. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చేనాటికి లెక్కకు దొరికిన పులులు 1,827. మరుసటి ఏడు 9 అభయారణ్యాలతో ప్రాజెక్ట్ టైగర్ మొదలయింది. కాన్హా, మేల్‌ఘాట్, రణథంభోర్, సిమిలిపాల్ ఆ తొమ్మిదిలోనివి. 2022 గణన నాటికి దేశంలోని పులులు సుమారు 3,682.

సంఖ్య పెరిగింది కదా, ఇంకేం కావాలి? ఈ ప్రశ్నకు సిమిలిపాల్ జవాబు చెబుతుంది. ఒడిషాలోని ఆ అడవి పులులు ఇతర పులుల నుంచి చాలాకాలంగా విడిపోయి ఉన్నాయి. అక్కడ కొన్నిటికి నల్లచారలు వెడల్పయి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒళ్ళంతా దాదాపు నలుపుగా ఉంటుంది. టాక్‌పెప్ అనే ఒకే జన్యువులోని ఒకే చిన్న మార్పు దీనికి కారణమని 2021లో తేల్చారు. మరెక్కడా అడవి పులులలో దాదాపు కనబడని ఈ మార్పు, సిమిలిపాల్‌లో మూడు పులులలో ఒకదానికి పైగా కనిపిస్తుంది. నలుపు వాటికి మేలుచేసి వ్యాపించిందని చెప్పడానికి ఆధారం బలంగా లేదు. కొద్దిపాటి పులులు తమలో తామే పిల్లలు కంటూ ఉంటే, లాటరీలో చీటీ తగిలినట్లు ఏ లక్షణమైనా అలా పైకి రావచ్చు. చూడవచ్చినవారికి ఆ నల్లపులి వింత. దాని ఒంటి నలుపులో ఆ అడవి ఒంటరితనం కనిపిస్తుంది.

రణథంభోర్ సంగతి కూడా అంతే. పులుల జన్యుపటాలను మొత్తంగా పరిశీలించి 2021లోనే ప్రకటించిన మరొక పరిశోధనలో, వాయవ్య భారతపు ఈ పులులలో దగ్గరి బంధువుల సంపర్కపు గుర్తులు మిగతా ప్రాంతాలకంటె ఎక్కువగా కనిపించాయి. సరిస్కాలో 2005 నాటికి ఒక్క పులీ మిగలలేదు. 2008లో అక్కడికి పులులను రణథంభోర్ నుంచే తెచ్చారు. సిమిలిపాల్‌కు 2024లో తడోబా ప్రాంతం నుంచి రెండు ఆడపులులను తరలించారు. వాటిలో ఒకటి అడవి విడిచి జార్ఖండ్ దాటి బెంగాల్ చేరితే, మత్తుమందు పెట్టి పట్టుకొని వెనక్కు తేవలసివచ్చింది. ఒకప్పుడు పులి తన కాళ్ళమీద తాను చేసుకొన్న పనికి, నేడు బోను, వాహనం, మత్తుసూది, ఖజానా డబ్బు కావలసివస్తున్నాయి.

దీనికి భిన్నంగా మధ్యభారతంలో దారి పూర్తిగా మూసుకుపోలేదు. పులుల పెంటికలు ఏరి, వాటిలోని జన్యుపదార్థంతో జరిపిన పరిశోధనల ఫలితాలు 2013లో వెలువడ్డాయి. కాన్హా-పెంచ్ మధ్య, సాత్పురా-మేల్‌ఘాట్ మధ్య అడవిపట్టీ మిగిలినచోట పులుల రాకపోకలు సాగుతున్నాయి. పట్టీ చెదిరినచోట తగ్గుతున్నాయి. ఆదిలాబాదు సరిహద్దుకు ఆవల ఉన్న టిపేశ్వర్‌లో పుట్టిన ఒక మగపులికి 2019లో మెడపట్టీ కట్టారు. అది జూన్‌లో బయలుదేరి, మహారాష్ట్ర, తెలంగాణ జిల్లాల పొలాలగుండా, వాగులవెంట, రోడ్లు దాటుతూ, డిసెంబరు నాటికి సుమారు 1,300 కిలోమీటర్లు నడచి బుల్ధానా జిల్లాలోని జ్ఞానగంగ అడవి చేరింది. జతకోసమో, చోటుకోసమో ఆ నడక. ఎక్కువగా పగలు పొదలలో దాగి, రాత్రి నడచింది. తామున్న పల్లె పక్కనుంచి పులి పోయిందని చాలామంది రైతులకు తెలియనే లేదు.

అయితే అడ్డుగోడ ఏది? ప్రాచి థట్టే మొదలైనవారు మధ్యభారతంలో నాలుగు జంతువులను పోల్చి 2020లో ప్రకటించారు. అడవిపిల్లి, చిరుత, ఎలుగుబంటి, పులి. మనిషి అలికిడి వల్ల అందరికంటె ఎక్కువ దెబ్బతిన్నది పులి. అందరికంటె తక్కువ అడవిపిల్లి. అంటే ఒకే భూమి ఒక జంతువుకు దారి, మరొకదానికి గోడ. పులికి గోడలైనవి ముఖ్యంగా రెండు: బండ్లరద్దీ ఎక్కువైన రోడ్లు, దట్టంగా పెరిగిన జనావాసాలు.

రోడ్డు సంగతి ముందు చెబుతాను. పెంచ్ అడవిని చీల్చిన జాతీయ రహదారి, మన ఆదిలాబాదు, నిర్మల్ మీదుగా హైదరాబాదుకు వచ్చే రహదారే. దాన్ని వెడల్పు చేయబోయినప్పుడు ఏళ్ళ తరబడి కోర్టులలో వ్యాజ్యాలు నడిచాయి. చివరకు మహారాష్ట్ర వైపున రోడ్డును పైకెత్తి, కింద 9 చోట్ల జంతువులకు దారి వదిలారు. 2019లో కెమెరాలు పెట్టి చూస్తే పులులు ఆ దారుల వెంట నడుస్తున్నట్లు రుజువయింది. డబ్బూ పట్టుదలా ఉంటే రోడ్డునే పులికోసం ఎత్తి కట్టవచ్చునన్నమాట!

ఇక జనావాసం సంగతి. ఇక్కడే మన పరీక్ష. శాస్త్రజ్ఞులు జనావాసం గోడ అన్నారు కనుక ఆదివాసీని లేవగొట్టమని ఒక వర్గం అంటుంది. ఆదివాసీని లేవగొడతారు కనుక ఆ శాస్త్రమే బూటకమని మనలో కొందరు అంటారు. రెండూ తప్పే. పది గడపల గోండుగూడెమూ, గనుల పక్కన పుట్టుకొచ్చిన పట్నమూ ఒకటి కావు. పులి నడక ఆ తేడా గుర్తిస్తుంది. గుర్తించనిది ఆఫీసు పటం. కాని గూడెం పక్కన పొలం పెరుగుతూ పోతే, ఒకనాటికి అదీ గోడ అవుతుంది. ఈ రెండవ మాటనూ మనం ఒప్పుకోవాలి. 1948 పాఠం అది.

కవ్వాల్ అడవిని 2012లో పులుల అభయారణ్యం చేశారు. తడోబా పులులు కాగజ్‌నగర్ మీదుగా అటు రావాలి. 2020 నవంబరులో ఆసిఫాబాదు జిల్లాలో ఇద్దరు ఆదివాసీ యువజనులను, 2024 నవంబరులో కాగజ్‌నగర్ దగ్గర ఒక మహిళను పులి చంపింది. పత్తి తీయబోయి చచ్చినవారికి జన్యువైవిధ్యం ఏం ఓదార్పు? 2024 జనవరిలో అదే ప్రాంతంలో పశువు కళేబరంలో పెట్టిన విషానికి పులులు చచ్చాయి. 2025 మే చివర, కవ్వాల్-తడోబా దారిని కొమురం భీం పేరిట సంరక్షణ ప్రాంతంగా ప్రకటిస్తూ తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు వెలువరించింది. ఆదివాసీలు ఆందోళన చేయగా జూలైలో దాన్ని నిలిపివేసింది. అడవిలో గిరిజనుడికి హక్కు కావాలని పోరాడి 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల తుపాకులకు బలైన మనిషి పేరు అది. ఆ పేరు పెట్టి, ఆ జనాన్ని అడగకపోవడం ఏం న్యాయం?

2006 అటవీహక్కుల చట్టం గ్రామసభకు అధికారమిచ్చింది. పులిదారి ఏ పొలంగట్టున పోతుందో, ఏ నెలలో పోతుందో గ్రామసభకు చెప్పాలి. చచ్చిన పశువుకు నష్టపరిహారం నెలలో ఇంటికి చేరాలి. పత్తి తీసే నెలలలో కాపలా ఉండాలి. రైతు సాగుకు హక్కుపత్రం చేతికిచ్చాక దారి విడవమని అడగాలి, ఇవ్వకముందు కాదు. గనికీ రహదారికీ అనుమతి ఇచ్చేటప్పుడు, రైతుకు పెట్టిన పరీక్షనే కంపెనీకీ పెట్టాలి. ఇవి కోరడానికి జన్యుశాస్త్రం మనకు అడ్డుకాదు, ఆయుధం. గోడ కట్టింది ఎవరో అది లెక్కతో చూపిస్తుంది.

మన కథలలో పులి అంటే దొర, అడవి అంటే పేదవాడి బాధ అని రాయడం అలవాటయింది. దొర గోడమీద వేలాడిన ఆ తలను మళ్ళీ ఒకసారి చూడండి. పులినీ, దాన్ని తోలిన కూలివాణ్ణీ ఆ ఇంటికి ఈడ్చుకువచ్చింది ఒకే చెయ్యి. వారిద్దరి దారులూ తెగినది ఒకే కాలంలో. ఒకరి దారిని రెండవవారి నెత్తిన మళ్ళీ వేయరాదు. ఇద్దరికీ చోటున్న అడవిని అడగడమే మన పని.