కల్లు పోసినవాడి పేరు

ఆగస్టు 18న సర్వాయి పాపన్న జయంతి. వ్యాసం రాద్దామని కూర్చుంటే, మూతబడ్డ మా ఊరి కల్లు మండువే కళ్లముందు మెదిలింది. దాన్ని ఎవరెవరు నడిపారంటే ‘గౌడు నడిపిండు’ అంటారే తప్ప పేరు చెప్పరు.

పాత రాతల్లోనూ అంతే. కాకతీయుల ఓరుగల్లు వీధులన్నీ క్రీడాభిరామం కావ్యంలో ఉన్నాయి, పూటకూళ్లింటి భోజనంతో సహా. తాటివనంలో ముంత నింపినవాడి పేరు మాత్రం శాసనాల్లో నాకు కనబడలేదు. వాటికి చెరువులూ దానాలే ముద్దు. అందుకే నాలుగు వందల ఏళ్లు ఒక్క దూకు దూకుతున్నా.

పాపన్న ఖిలాషాపూర్ గీత ఇంటి బిడ్డ. మోకూ ముస్తాదూ వదిలి కత్తి పట్టాడు. 1708 ఏప్రిల్ 1న, జనమంతా పీర్ల పండుగలో ఉండగా, రెండు మూడు వేల కాల్బలంతో వరంగల్ మీద పడ్డాడు. నాకు ఆ దాడి కన్నా ముగింపే ఇష్టం. మొగలు చరిత్రకారుడు ఖాఫీఖాన్ రాసిపెట్టాడు. పాపన్న బావమరిది మొగలుల ఫౌజుదారు. అతన్ని పాపన్న ఖిలాషాపూర్ కోటలో ఖైదు చేశాడు. తోడబుట్టింది ఊరుకుంటుందా? పాపన్న భార్యే అన్నంలో ఆకురాళ్లు దాచి పంపింది. సంకెళ్లు తెగాయి, కోట చేజారింది. 1710లో తాటికొండ కోటా పోయాక, కాలి గాయంతో తప్పించుకున్న పాపన్న హసనాబాద్‌లో ఆగి కల్లు అడిగాడు. పోసినవాడు తేరిపార చూశాడు. పోల్చుకున్నాడు. కబురు వెళ్లింది ఆ బావమరిదికే! పాపన్న తల బాదుషా కొలువుకు, మొండెం హైదరాబాద్ దర్వాజాకు చేరాయి.

గీత వదిలిన మనిషి ఆఖరుకి కల్లుకాడికే వచ్చాడు. ఎంత దాహమేసిందో! కథ తిప్పిన ఆ కల్లు మనిషికీ పేరు లేదు.

నిజాం కాలంలో చెట్టుకో పన్ను, దుకాణానికో వేలం. పాట పాడుకున్నవాడే దొర, ఎక్కేవాడు కూలి. 1947లో సర్కారు రాబడి కొట్టాలని నిజాం మీద తిరగబడ్డ ఉద్యమకారులు తాటిచెట్లు నరికారు. ఆ తర్వాత కథ చిక్కుపడింది. గీత సొసైటీలొచ్చాయి, 1995లో మద్యనిషేధం వచ్చి పోయింది, మందు కల్లు, బెల్టు షాపు, ఇటుక బట్టీలకు పోయిన తాటిచెట్లు, చెట్టెక్కనన్న కొడుకులు. ఏది ముందో ఏది వెనకో మా ఊళ్లో ఎవరూ తేల్చలేరు.

మండువ రేకుల కింద ఇప్పుడు ట్రాక్టర్ నిలుపుతున్నారు. మూలన మూడు లొట్లు బోర్లించి ఉన్నాయి.

‘‘ఎవరు పెట్టిండ్రే?’’

‘‘గౌడు పెట్టిండు.’’