తనఖా భూమిని ప్రభుత్వం సేకరిస్తే పరిహారం ఎవరికి?

రహదారి, రైల్వే మార్గం, జలాశయం వంటి ప్రజావసరాల కోసం ప్రభుత్వం సేకరించే భూమి అప్పటికే బ్యాంకులో తనఖాగా ఉండవచ్చు. అటువంటప్పుడు యజమానికి రావలసిన పరిహారంలో రుణదాతకు వాటా ఉంటుందా, ఉంటే ఎంతవరకు అన్న ప్రశ్న తలెత్తుతుంది. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 73వ సెక్షన్ దీనికి సమాధానం చెబుతోంది. భూమిపై ఉన్న తనఖా హక్కు, ఆ భూమికి బదులుగా వచ్చే సొమ్ముకు సంక్రమిస్తుందన్నది ఈ సెక్షన్ సారాంశం.

హక్కు పరిధి

తనఖా ఆస్తిని నిర్బంధంగా సేకరించినపుడు, యజమానికి చెల్లించవలసిన పరిహారం నుంచి తన బాకీని పూర్తిగా గాని, పాక్షికంగా గాని ఇప్పించాలని రుణదాత కోరవచ్చు. భూసేకరణ చట్టం, 1894తో పాటు అమలులో ఉన్న ఇతర సేకరణ చట్టాలకూ ఇది వర్తిస్తుంది. రుణం తీర్చవలసిన గడువు ఇంకా రాకపోయినా ఈ హక్కును వినియోగించుకోవచ్చు. అంతకుముందే ఆ ఆస్తిపై భారం కలిగినవారి హక్కు మినహా, మిగిలిన క్లెయిములన్నింటి కంటే దీనికే ప్రాధాన్యం లభిస్తుంది.

ఉదాహరణకు, ఒక భూమిపై మొదటి బ్యాంకుకు రూ.18 లక్షలు, రెండో బ్యాంకుకు రూ.10 లక్షలు బాకీ ఉండి, పరిహారం రూ.25 లక్షలుగా ఖరారైందనుకుందాం. మొదటి బ్యాంకుకు రూ.18 లక్షలు పూర్తిగా అందుతాయి. రెండో బ్యాంకుకు రూ.7 లక్షలే దక్కుతాయి. మిగిలిన రూ.3 లక్షలకు రుణగ్రహీత వ్యక్తిగత బాధ్యత సాధారణంగా కొనసాగుతుంది. అదే పరిహారం రూ.40 లక్షలైతే, ఇద్దరి బాకీలు పోగా మిగిలే రూ.12 లక్షలు యజమానివే. తనఖా కింద రావలసిన అసలు, వడ్డీలకు మించి బ్యాంకు కోరజాలదు. తనఖా లేకుండా అప్పు ఇచ్చినవారికి ఈ సెక్షన్ కింద ఎటువంటి హక్కూ ఉండదు.

వ్యవసాయ భూమిపై హామీకి సర్ఫేసీ చట్టం, 2002 వర్తించదు. అందువల్ల కోర్టుకు వెళ్లకుండా ఆ చట్టం కింద సాగుభూమిని బ్యాంకు వేలం వేయలేదు. 73వ సెక్షన్‌లో మాత్రం సాగుభూమి పరిహారానికి అటువంటి మినహాయింపు లేదు.

క్లెయిము ఎప్పుడు, ఎక్కడ?

2014 జనవరి 1న అమల్లోకి వచ్చిన 2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం, ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడిన తర్వాత ఆ భూమిపై కొత్తగా భారం సృష్టించడం నిషిద్ధం. అనంతరం 21వ సెక్షన్ కింద కలెక్టర్ బహిరంగ నోటీసు ఇచ్చి, భూమిపై హక్కు గలవారి నుంచి క్లెయిములు కోరతారు. హాజరయ్యేందుకు కనీసం 30 రోజుల వ్యవధి ఉంటుంది. భూమి ఎవరి వద్ద తనఖాలో ఉన్నదో తెలపాలని 22వ సెక్షన్ కింద కలెక్టర్ ఆదేశించవచ్చు. రుణదాత తనఖా పత్రం, బాకీ వివరాలతో ఈ దశలోనే క్లెయిము దాఖలు చేయడం మేలు.

ఎవరికెంత అన్న విషయంలో వివాదం తలెత్తితే కలెక్టర్ దానిని భూసేకరణ, పునరావాస, పునఃస్థాపన అథారిటీకి నివేదించవచ్చు. వివాదం తేలేవరకు సొమ్మును అథారిటీ వద్ద జమ చేస్తారు. జాతీయ రహదారుల చట్టం, 1956 కింద జరిగే సేకరణలో పంపిణీ వివాదాన్ని ప్రధాన సివిల్ కోర్టుకు పంపుతారు.

చెల్లింపు జరిగిపోతే

పరిహారం యజమాని ఖాతాలో జమ అయిన తర్వాత రుణదాత మేల్కొంటే మార్గం కఠినమవుతుంది. పరిహారం పొందిన వ్యక్తి, దానిని చట్టబద్ధంగా అర్హులైనవారికి చెల్లించవలసిన బాధ్యత నుంచి తప్పించుకోలేరని 77వ సెక్షన్ చెబుతున్నది. అయితే అప్పటికే ఖర్చయిన సొమ్మును రాబట్టడానికి రుణదాత దావా వేయక తప్పదు.

యజమానులు కూడా అవార్డుకు ముందే బ్యాంకు నుంచి బాకీ లెక్క తీసుకుని సరిచూసుకోవడం అవసరం. లెక్క తప్పని భావిస్తే ఆ అభ్యంతరాన్ని కలెక్టర్ ఎదుట లిఖితపూర్వకంగా నమోదు చేయించాలి. భూమిలో కొంత భాగమే సేకరణకు పోయి, పరిహారంతో అప్పు పూర్తిగా తీరితే, మిగిలిన భూమిపై తనఖా విడుదల పత్రాన్నీ, అసలు దస్తావేజులనూ బ్యాంకు నుంచి తిరిగి పొందాలి. ఆ విడుదల రిజిస్ట్రేషన్ రికార్డుల్లో నమోదు కాకపోతే, తీరిన అప్పు కూడా ఈసీలో భారంగానే కనిపించే అవకాశం ఉంది.