సాలార్‌జంగ్ వారసత్వం: రెండు పద్దులు

మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీ ఖాన్ 1853లో తన ఇరవై నాలుగవ యేట హైదరాబాదు దివాన్ పదవిని స్వీకరించి, 1883లో మరణించేవరకు ముప్పై యేండ్లు నిర్వహించారు. ఆయనను గూర్చి చరిత్రకారులలో నేటికీ ఏకాభిప్రాయం లేదు.

1857 జూలైలో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వాన రెసిడెన్సీపై దాడి జరిగినప్పుడు దివాన్ ఆంగ్లేయుల పక్షాన నిలిచారు. తుర్రేబాజ్ ఖాన్ 1859లో హతులైనారు. మౌల్వీ అండమాన్ ప్రవాసంలోనే కన్నుమూశారు. ఇది ద్రోహమని కొందరు, ఢిల్లీకి పట్టిన గతి హైదరాబాదుకు పట్టకుండా కాపాడిన వివేకమని కొందరు అంటారు. ఆ విధేయతకు ప్రతిఫలంగా 1860లో రాయచూరు, నల్దుర్గ్ ప్రాంతాలు తిరిగివచ్చాయి, యాభై లక్షల ఋణం రద్దయింది. బేరార్ మాత్రం రాలేదు. 1876లో ఇంగ్లండు వెళ్ళినా ఆయన కోరిక నెరవేరలేదు.

పన్ను వసూలును గుత్తేదారుల నుండి తప్పించి జీతగాండ్రకు అప్పగించినవారు, 1865లో జిల్లాబందీ నెలకొల్పినవారు ఆయనే. అయితే జాగీర్ల జోలికి పోలేదు. దర్బారు మర్యాదలను, ఫారసీని యథాతథంగా నిలిపారు. పాత ఇంటిని కూల్చక, దాని ప్రక్కనే కొత్త ఇల్లు కట్టారన్నమాట. రాజ్యం నిలిచింది, జాగీరు రైతు పాత ఇంటిలోనే మిగిలిపోయాడు. న్యాయంగా తూచదలచినవారు ఈ రెండు పద్దులనూ చదవాలి.