దగ్గుమందు చరిత్ర: నల్లమందు నుంచి ఎర్ర గడి వరకు

ఉద్దేశం: ఈ భాగం చదివిన తరువాత ఓపియం జాతి దగ్గుమందులపై నియంత్రణ ఎలా పెరిగిందో, అందుకు కారణాలేమిటో మీరు వివరించగలుగుతారు.

1. నేపథ్యం

దగ్గుకు, విరేచనాలకు నల్లమందు వాడటం పాత అలవాటు. 1832లో ఫ్రెంచి రసాయనవేత్త రోబికే నల్లమందు నుంచి కొడీన్‌ను వేరుచేశాడు. 1898లో జర్మనీకి చెందిన బేయర్ కంపెనీ హెరాయిన్‌ను దగ్గుమందుగా అమ్మింది. దగ్గును ఆపే శక్తి, అలవాటుపడేలా చేసే శక్తి ఒకే మందులో ఉన్నాయని వైద్యలోకం ఆలస్యంగా గ్రహించింది.

2. చట్టాలు

బ్రిటిష్ ఇండియాలో 1878 నాటి ఓపియం చట్టం నల్లమందు అమ్మకాన్ని లైసెన్సు కిందికి తెచ్చింది. అయితే కేసముద్రం ఆనాడు నిజాం రాజ్యంలో ఉంది, ఆ చట్టం ఇక్కడ నేరుగా వర్తించేది కాదు. స్వాతంత్ర్యానంతరం 1985లో మాదకద్రవ్యాల చట్టం దేశమంతటికీ వచ్చింది. 2014 మార్చి నుంచి అమలైన హెచ్1 షెడ్యూలు ప్రకారం కొడీన్ అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. సీసాపై ఎర్ర గడిలో హెచ్చరిక ఉండాలి. 2016 మార్చిలో కేంద్రం నిషేధించిన 344 మిశ్రమ మందులలో కొడీన్ కలిసిన దగ్గుమందులూ ఉన్నాయి. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది.

3. కలయికలే ప్రమాదం

మీరు గమనించవలసిన విషయం ఒకటుంది. హెచ్1 జాబితాలో కొడీన్‌తోపాటు ఆల్ప్రజోలం కూడా ఉంది. తెలంగాణలో కల్తీ కల్లులో పదేపదే దొరికిన మందు ఇదే. కొడీన్‌లో కొంత భాగం కాలేయంలో మార్ఫిన్‌గా మారి, మెదడులో శ్వాసను నడిపే కేంద్రాన్ని మందగింపజేస్తుంది. ఆల్ప్రజోలం, మద్యం కూడా తోడైతే నిద్రలోనే ఊపిరి ఆగవచ్చు. 2016 ఆగస్టులో అమెరికా ఔషధ సంస్థ ఈ జంటపై తీవ్ర హెచ్చరిక జారీచేసింది. 2018లో ఓపియం జాతి దగ్గుమందులను 18 ఏళ్లలోపు వారికి వాడరాదని తేల్చింది.

రోగాల సంగతీ అంతే. ఉబ్బసం, నిద్రలో ఊపిరాడకపోవడం, తీవ్రమైన మలబద్ధకం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఇది మరింత ప్రమాదం. మిర్చి ఘాటుకు దగ్గే మార్కెట్ హమాలీ సాయంత్రం కల్లు తాగి, రాత్రి ఈ మందు వేసుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. అతనికి ముందే ఉబ్బసం ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ. రెండు వారాలు దాటిన దగ్గును అణచివేయకూడదు, క్షయ పరీక్ష చేయించాలి.

4. సారాంశం

చట్టం సీసాను మాత్రమే లెక్కిస్తుంది. ఆ సీసాతోపాటు మరేమి కడుపులోకి వెళ్తోందో రిజిస్టరుకు తెలియదు. అది రోగి చెప్పాలి, డాక్టరు అడగాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఒకే షెడ్యూలులో కొడీన్, ఆల్ప్రజోలం రెండూ ఉండటాన్ని మీ ప్రాంత పరిస్థితులతో అన్వయించి పది వాక్యాలలో రాయండి.