కొక్కెర తెగులు – మా యాడి కోళ్లు



పానగల్ అనంగనే అందరికీ కోట యాదికొస్తది. కోట గురించి రాసినోళ్లు ఉన్నరు. దాని చుట్టుపక్కల తండాల్ల తిరిగే కోళ్ల గురించి రాసినోళ్లు నాకు దొరకలే, అందుకే నేను రాస్తున్న. నా ఇంటర్ పరీక్ష ఫీజు ఒక పుంజును అమ్మి కట్టింది మా యాడి (అమ్మ).

పత్తి పైసలు ఆమె చేతికి రావు, అప్పుకే పోతయి. కోడి పైసలు మాత్రం ఆమెవే. వాటికోసం దాణా కొనేది లేదు. రాలిన గింజలు, చెదలు, పురుగులు అవే ఏరుకుంటయి. పెట్టను పాలుకిస్తే పొదిగిన పిల్లల్ల సగం పెంచినోళ్లకు. ఏమీ లేని ఇల్లు కూడా అట్లనే కోళ్ల ఇల్లయితది. తూర్పు గోదావరి ఏజెన్సీల ఆదివాసీలు ఇదే పద్ధతిని ‘వాటా’ అంటరు.

నష్టాలంటే గద్ద ఉంది, పిల్లి ఉంది, పక్కింటోళ్ల నారుమడి గీరితే కొట్లాట ఉంది. ఇవన్నీ తట్టుకోవచ్చు. తట్టుకోలేంది కొక్కెర. ఇయ్యాల రెండు కోళ్లు తెల్లగ, పచ్చగ పారుకుంటయి, మెడలు తిరుగుతయి. నాలుగు రోజులల్ల గంప ఖాళీ. మా ఇంట్ల రెండుసార్లు అయింది.

మా పెద్దోళ్లు దీన్ని దేవత కోపం అంటరు. పుస్తకాలల్ల వేరే కథ ఉంది. 1926లో జావాలో, ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో ఈ జబ్బును గుర్తించారు. ఆ తర్వాత ఏడాది ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని రాణిఖేత్‌లో బయటపడింది. అందుకే మన పశువుల డాక్టర్లు దీన్ని రాణిఖేత్ అంటరు. ఆ కొండల్లోనే ముక్తేశ్వర్‌లో ఉన్న పశువైద్య పరిశోధన సంస్థ 1940లలో టీకా తయారుచేసింది. పిల్లలకు కంట్లో వేసే చుక్కల మందు లసోటా వేరు; ఆ పేరు అమెరికాలో ఒక కోళ్ల రైతు ఇంటిపేరట!

టీకా వచ్చి 80 ఏండ్లు అయితున్నా మా కోళ్లు ఎందుకు సస్తున్నయి? నాకు అర్థమైనంత వరకు, సీసా వల్ల. ఒక్క సీసాలో వంద డోసులు, అంతకన్నా ఎక్కువ కూడా ఉంటయి. మంచులో పెట్టి తేవాలె, కలిపినంక గంట రెండు గంటల్లో అయిపోవాలె. వేల కోళ్ల ఫారానికి అది సరిపోతది. నాలుగు కోళ్లున్న యాడి ఏం చేస్తది?

1990లలో తూర్పు గోదావరి ఏజెన్సీలో ‘అంత్ర’ అనే పశువైద్యుల సంస్థ ఆదివాసీ ఆడోళ్లతోటి కలిసి పనిచేసింది. టీకా వేసుడు ఊర్లోనోళ్లకే నేర్పి, అసీల్ కోళ్లను వాటా పద్ధతిలోనే మళ్లీ పెంచిన్రు.

సర్కారు దారి వేరే. 1988లో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో మొదలైన కోళ్ల పరిశోధన కేంద్రం వనరాజా, గ్రామప్రియ రకాలు తెచ్చింది. గుడ్లు నాటుకోడికంటే చాలా ఎక్కువ, అది ఒప్పుకోవాలె. కానీ అవి సరిగ్గా పొదగవు. పొదగని కోడిని పాలుకెట్ల ఇస్తం? పిల్లల కోసం ప్రతిసారీ ఎవరో ఇస్తరని ఎదురుసూడాలె. యాడి చేతిలోని లెక్క అక్కడ తెగిపోతది.

మొన్న పండుగకు పోయినప్పుడు మా తండాల ఇల్లిల్లు తిరిగి కోళ్లను లెక్కపెట్టిన. వందకు కొన్ని ఎక్కువే ఉన్నయి. అంటే ఒక్క సీసా పని. ఎండలు ముదరకముందే ఒక ఆదివారం పొద్దున్నే, కోళ్లు ఇంకా గంప కిందున్నప్పుడే వేయించాలని మా యాడితో మాట్లాడిన. ఐస్ డబ్బా నేను పట్టుకుపోతున్న. మీ తండాల, గూడెంల ఎవరన్నా ఇట్ల చేసి ఉంటే కింద రాయుండ్రి.