మంచి ధ్వనికి కొలబద్ద ఏది? – హెడ్‌ఫోనుల చరిత్ర

కొంతకాలము క్రిందట మా కళాశాలలో చదువుకొను విద్యార్థి ఒకడు ప్రయోగశాల తరగతి ముగిసిన తరువాత ఆగి, సంచిలోనుండి ఒక హెడ్‌ఫోనును తీసి బల్లపై పెట్టెను. అది చెవులను పూర్తిగా కప్పు రకము. ఉపకారవేతనములో మిగిల్చుకొన్న పదునైదు వందల రూపాయలతో దానిని కొనెనట. "మాస్టారూ, కొన్ననాడు దీంట్లో పాట ఎంతో బాగుందనిపించింది. నిన్న హాస్టల్లో మావాడొకడు ఇరవైవేల రూపాయలది తెచ్చి, నీది ఒట్టి డబ్బా అన్నాడు. అప్పటినుంచి నాకూ ఇది డబ్బాలాగే వినిపిస్తోంది. నిజంగా తేడా ఉందంటారా, లేక నా మనసే మారిందా?" అని అడిగెను.

ఈ ప్రశ్న చిన్నది కాదు. కొలవదలచిన వస్తువు ధ్వని. కొలుచు సాధనము చెవి. తీర్పు చెప్పునది మనస్సు. ఈ మూడింటిలో దేని దోషము ఎంతయో విడదీసి చూచుటకు శాస్త్రజ్ఞులకు దాదాపు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ కథయే హెడ్‌ఫోనుల చరిత్రలోని ముఖ్యభాగము.

మాట వినబడిన చాలును

1876లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ టెలిఫోనుకు పేటెంటు పొందెను. టెలిఫోనులో మనము చెవికి ఆనించుకొను భాగమే హెడ్‌ఫోనుకు మూలపురుషుడు. అయస్కాంతము, దానిపై సన్నని తీగచుట్ట, ఎదురుగా పలుచని ఇనుపరేకు – ఇంతియే దాని నిర్మాణము. తీగలో విద్యుత్ప్రవాహము హెచ్చుచు తగ్గుచు పోవునప్పుడు అయస్కాంతపు ఆకర్షణయు హెచ్చి తగ్గును. రేకు కంపించును, గాలి కదలును, మాట వినబడును.

1881లో పారిస్ నగరమున జరిగిన విద్యుత్ప్రదర్శనములో క్లెమెంట్ ఆడెర్ అను ఫ్రెంచి ఇంజనీరు నాటకశాల వేదికపై టెలిఫోను ప్రేషకములను వరుసగా అమర్చి, దూరమున ఉన్న ప్రదర్శనశాలలోని శ్రోతలకు రెండు చెవులకు రెండు గ్రాహకములు ఇచ్చి సంగీతనాటకమును వినిపించెను. గాయకులు వేదికపై ఏ వైపున నిలిచినదియు శ్రోతలకు తెలియుచుండెనట. నేడు స్టీరియో అనబడు దానికి ఇది తొలి మెట్టు.

అయినను ఆనాటి గ్రాహకములకు ఒక పెద్ద లోపము గలదు. తంబురతీగకు సొంత శ్రుతి ఉన్నట్లే ఇనుపరేకుకును ఒక సహజ పౌనఃపున్యము ఉండును. అది సుమారు 1000 హెర్ట్జ్ ప్రాంతమున ఉండుటచే ఆ దరిదాపు స్వరములు గట్టిగాను, తక్కినవి నీరసముగాను వినబడెడివి. మాట పోల్చుకొనుటకు ఇది అడ్డు కాదు, పైగా కొంత మేలే. సంగీతమునకు మాత్రము ఇది శత్రువు.

1910లో అమెరికాలోని యూటా రాష్ట్రమునకు చెందిన నతానియెల్ బాల్డ్విన్ అనునతడు తాను చేసిన హెడ్‌ఫోనులను అమెరికా నౌకాదళమునకు పంపెను. అతడు వాటిని వంటింటిలోనే తయారుచేసెడివాడు. మన గూడూరు ప్రాంతమున దొరకు అభ్రకము వంటి అభ్రకముతో చేసిన పలుచని బిళ్ళను కంపన పటలముగా వాడెను. నౌకాదళమువారు మొదట సందేహించినను పరీక్షించి చూచి ఆశ్చర్యపడిరి. మిగిలినవాటిలో వినబడని బలహీనపు నిస్తంత్రీ సంకేతములు వీటిలో వినబడినవి. వారు కోరిన గుణము ఒక్కటే – సున్నితత్వము. స్వరమాధుర్యముతో వారికి పని లేదు.

తరువాత వచ్చిన స్ఫటిక రేడియోలకును ఈ గుణమే కావలసివచ్చెను. వాటికి బ్యాటరీ లేదు, వర్ధకము లేదు. ఏరియలు పట్టిన స్వల్పశక్తియే ఆధారము. 1924లో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు తన ప్రసారములను ఆరంభించెను. కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు ఆ ప్రెసిడెన్సీలోనివే. ఆ కాలమున స్ఫటిక రేడియో ఉన్నవారికి హెడ్‌ఫోను విలాసవస్తువు కాదు. అది లేనిదే రేడియో మూగ.

సంగీతము ప్రవేశించుట

1937లో బెర్లిన్ నగరమున యూజెన్ బేయర్ సంస్థవారు డీటీ 48 అను హెడ్‌ఫోనును తెచ్చిరి. ఇందులో ఇనుపరేకు లేదు. తేలికైన పటలమునకు తీగచుట్టను అతికించి, ఆ చుట్టను అయస్కాంతక్షేత్రములో కదలనిచ్చిరి. దీనికి గతిశీల పద్ధతి అని పేరు. నేడు అంగడిలో దొరకు హెడ్‌ఫోనులలో అత్యధికము ఈ పద్ధతివే. పదునైదు వందల రూపాయలదానిలోను, ఇరవైవేలదానిలోను సూత్రము ఒక్కటే అని చదువరులు గుర్తుంచుకొనవలెను.

1958లో అమెరికాలోని మిల్వాకీ నగరమున జాన్ కాస్ ఒక ప్రదర్శనమునకు గ్రామఫోను పెట్టె నొకదానిని తీసికొనిపోయెను. ఇరుగుపొరుగు వారికి ఇబ్బంది లేకుండ వినుటకై దానికి స్టీరియో హెడ్‌ఫోనును తగిలించెను. జనులు పెట్టెను విడిచి హెడ్‌ఫోనుచుట్టు మూగిరి. 1968లో జర్మనీకి చెందిన సెన్‌హైజర్ సంస్థ వెనుకవైపు తెరచియుండు తేలికైన రకమును తెచ్చినది. 1979లో జపాను దేశపు సోనీ సంస్థవారి వాక్‌మన్ వెలువడినది. దానితో హెడ్‌ఫోను ఇల్లు వదలి వీధిలోనికి వచ్చెను.

ఇట్లు వస్తువు ఇంటింటికి చేరినది కాని, దాని మంచిచెడ్డలను కొలుచు బద్ద మాత్రము చాలకాలము వరకు స్థిరపడలేదు.

సరళరేఖ చేసిన చిక్కు

వర్ధకము మంచిదా కాదా అని తెలిసికొనుట తేలిక. అన్ని పౌనఃపున్యములను సమానముగా పెంచినచో మంచిది. గ్రాఫు గీసినప్పుడు సరళరేఖ రావలెను. హెడ్‌ఫోనుకును ఇదే న్యాయము వర్తించునని ఎవరికైనను తోచును. కాని వర్తించదు. కారణము మన చెవి నిర్మాణములోనే ఉన్నది.

కర్ణనాళము సుమారు 2.5 సెంటీమీటర్ల పొడవు గల గొట్టము. దాని ఒక చివర తెరచియున్నది, రెండవ చివర కర్ణభేరిచే మూయబడియున్నది. ఇంటర్మీడియెటు ప్రయోగశాలలో నీటి గొట్టముతోను శ్రుతిదండముతోను చేయు అనునాద ప్రయోగము గుర్తున్నవారు లెక్కవేసి చూడవచ్చును. ధ్వనివేగము సెకనుకు 340 మీటర్లు. దానిని గొట్టము పొడవునకు నాలుగు రెట్లతో, అనగా 0.1 మీటరుతో భాగించిన 3400 హెర్ట్జ్ వచ్చును. చెవి డొప్ప ఆకారము, నాళముఖము చేయు సవరణలవలన వాస్తవమున ఈ అనునాదము 2500–3000 హెర్ట్జ్ ప్రాంతమున కనబడును. అక్కడ ధ్వని కర్ణభేరిని చేరునప్పటికి సుమారు 15 డెసిబెల్‌ల మేరకు పెరుగును.

పుట్టినది మొదలు మనము లోకమును ఈ అనునాదముతోనే వినుచున్నాము. మెదడు దానినే సహజమని ఎంచుచున్నది. హెడ్‌ఫోను పెట్టుకొన్నప్పుడు ధ్వని డొప్పకు అంటి పుట్టుటచే ఈ సహజ మార్గము మారిపోవును. అందుచే కర్ణభేరివద్ద కొలిచి సరళరేఖ వచ్చునట్లు చేసిన హెడ్‌ఫోనులో గొంతు ఎక్కడో దుప్పటిచాటునుండి వచ్చినట్లుండును. మంచి హెడ్‌ఫోను గ్రాఫులో 3000 హెర్ట్జ్ దగ్గర ఒక కొండ ఉండితీరవలెను. ఆ కొండ ఎంత ఎత్తు, దాని ఇరుప్రక్కల భూమి ఎట్లుండవలెను అనునదియే వివాదమైనది.

కొలుచుటకు కృత్రిమమైన చెవి కావలెను. 1972లో అమెరికాలోని నోల్స్ సంస్థవారు కెమార్ అను బొమ్మమనిషిని సిద్ధపరచిరి. దానికి డొప్పలు, కర్ణనాళములు, కర్ణభేరి స్థానమున మైక్రోఫోనులు గలవు. 1986లో గుంతర్ థైలె అను జర్మను శాస్త్రజ్ఞుడు, అన్ని దిక్కులనుండి సమముగా ధ్వని వచ్చు గదిలో కర్ణభేరివద్ద ఏ స్పందనము కలుగునో, హెడ్‌ఫోనుయు ఆ స్పందనమునే కలిగింపవలెనని వాదించెను. ఈ సూత్రము చాలకాలము ఆదర్శముగా నిలిచినది. కాని దాని ప్రకారము చేసినవానిలో మంద్రస్థాయి పలుచనై, తారస్థాయి గుచ్చుకొనునట్లున్నదని అనేక శ్రోతలు చెప్పిరి. సిద్ధాంతము సరియే, చెవులు ఒప్పుకొనలేదు. అప్పుడు చెవులనే సాక్షులుగా పిలువవలసివచ్చెను.

సాక్షులను నమ్ముట ఎట్లు?

సాక్ష్యములో రెండు మోసములు గలవు. మొదటిది చెవిది. 1933లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన ఫ్లెచర్, మన్సన్ అనువారు, ధ్వని మందమైనకొలది మన చెవి మంద్రస్వరములను మరింత తక్కువగా గ్రహించునని కొలతలతో చూపిరి. కాబట్టి రెండు హెడ్‌ఫోనులలో ఏది కొంచెము గట్టిగా మ్రోగునో అది మరింత నిండుగా ఉన్నట్లు తోచును. అంగడివాడు ధ్వనిని కాస్త పెంచి వినిపించిన చాలును, మన తీర్పు మారిపోవును.

రెండవది కన్నులది. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనువారు 40 మంది శ్రోతలకు లౌడ్‌స్పీకర్లను ఒకసారి తెరవెనుక ఉంచియు, మరియొకసారి కనబడునట్లును వినిపించిరి. కనబడినప్పుడు పెద్దవానికి, ఖరీదైనవానికి మార్కులు పెరిగినవి. చిన్నదానికి, చౌకదానికి తగ్గినవి. తెర అడ్డముగా ఉన్నప్పుడు ఆ తేడాలు చాలవరకు కరగిపోయినవి. ఆ శ్రోతలు పామరులు కారు. అనేకులు అదే వృత్తిలోనివారు.

హెడ్‌ఫోనులకు తెర కట్టుట సాధ్యము కాదు. తలపై బరువు, చెవిపై మెత్త వస్తువు గుట్టు చెప్పివేయును. ఆలివ్, అతని సహచరులు 2012 నుండి చేసిన పరిశోధనలలో ఒక ఉపాయము పన్నిరి. అందరికి ఒకే హెడ్‌ఫోనును ఇచ్చి, వేరువేరు హెడ్‌ఫోనుల స్పందనములను గణకయంత్రముతో దానిలో అనుకరించి వినిపించిరి. 2014లో కెనడా, అమెరికా, జర్మనీ, చైనా దేశములలో 238 మంది ఇట్లు తీర్పు చెప్పిరి. వయస్సు, దేశము, అనుభవము వేరైనను సగటున వారందరు ఒకే రకపు ధ్వనిని కోరిరి: మంచి లౌడ్‌స్పీకరు మంచి గదిలో మ్రోగినప్పుడు చెవికి ఎట్లు వినబడునో అట్లు. అనగా 3000 దగ్గరి కొండ, దానితోపాటు మంద్రస్థాయిలో కొంచెము ఎత్తు. ఇట్లు కొలబద్ద ఒకటి దొరకినది. ఇది తుదిమాట కాకపోవచ్చును. కాని మాటలతో చేయు పొగడ్తకంటె నమ్మదగినది.

ధర చెప్పునది, చెప్పనిది

కొలబద్ద దొరకిన పిదప ధర సంగతి విచారించుట సులభమైనది. 2017లో జెరూన్ బ్రీబార్ట్ అను పరిశోధకుడు 280కి పైగా హెడ్‌ఫోనుల స్పందనములను వాటి ధరలతో పోల్చి, రెండింటికిని సంబంధము కనబడుట లేదని ప్రకటించెను. దీనివలన చౌకవన్నియు మంచివని తేలలేదు. ఖరీదైనంతమాత్రమున స్పందనము మెరుగని చెప్పలేమని మాత్రమే తేలినది. ఎక్కువ ధరకు గట్టి కీళ్ళు, మెత్తని దిండ్లు, బయటి రొదను అణచు ఏర్పాటు లభించవచ్చును. అవియు విలువైనవే, కాని స్వరశుద్ధి వేరు.

పెట్టెపై అచ్చువేయు "20 నుండి 20,000 హెర్ట్జ్" అను అంకెలనుకూడ నమ్మరాదు. ఆ హద్దులలో ధ్వని ఎన్ని డెసిబెల్‌ల మేరకు హెచ్చుతగ్గులు పొందునో చెప్పనిదే ఆ అంకెలకు అర్థము లేదు.

ఇంటివద్ద చేయదగిన పరీక్ష

మనమెరిగిన సంగీతముతోనే పరీక్షించుట మేలు. ఒకటిన్నర శ్రుతిలో పాడు గాయకుని ఆధార షడ్జము సుమారు 139 హెర్ట్జ్. దాని క్రింది పంచమము 104. తంబుర నాదము నిండుగా, గొంతునకు అడ్డురాక వినబడవలెను. మృదంగములో ఎడమవైపు తొప్పికి రవ్వముద్ద అంటించుట శ్రుతిని దించుటకే. ఆ గుమికి ఒక నాదముండవలెను. ఉత్త గుద్దు వినబడినచో మంద్రస్థాయి అతిగా పెంచబడినదని గ్రహింపవచ్చును. సాహిత్యములోని శ, ష, స అక్షరములు చెవిని గీరినచో తారస్థాయి అతిగా ఉన్నది. గొంతు దూరమైనట్లున్నచో 3000 దగ్గరి కొండ కురుచైనది.

రెండింటిని పోల్చునప్పుడు మనిషి మాట రెండింటిలోను సమానముగా వినబడునట్లు స్థాయిని సరిచేసికొని, కన్నులు మూసికొని, మిత్రుని చేతితో మార్పించుకొనుచు పలుమార్లు వినవలెను. పదింట తొమ్మిదిసార్లు, లేదా అన్నిసార్లు, సరిగా పోల్చగలిగినచో తేడా నిజమని నమ్మవచ్చును. ఊరక ఊహించి అట్లు చెప్పగలుగుటకు అవకాశము నూటికి ఒకటి మాత్రమే.

చెవిని కప్పు రకమునకు మరొక నియమము గలదు. దిండు చెవిచుట్టు సందు లేకుండ ఆనవలెను. కళ్ళజోడు కాడ, జడ, పెద్ద కమ్మలు చేయు సందులోనుండి మంద్రస్వరములే ముందుగా జారిపోవును. అప్పుడు మనము ధ్వనిని పెంచుదుము. ఇది చెవికి హాని. 80 డెసిబెల్‌ల ధ్వనిని వారమునకు 40 గంటలవరకు వినవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ప్రతి 3 డెసిబెల్‌లకు ఆ కాలము సగమగును. 89కి చేరునప్పటికి మిగులునవి 5 గంటలే. పోయిన హెడ్‌ఫోనును మరల కొనవచ్చును. లోపలి చెవిలోని రోమకణములు చచ్చిన మరల మొలవవు.

ఈ సంగతులన్నియు మా విద్యార్థికి చెప్పి పంపితిని. వారము గడచిన తరువాత అతడు మరల వచ్చెను. "మాస్టారూ, రుమాలు కట్టుకొని విన్నాను. గొంతులో తేడా పట్టుకోలేకపోయాను. తొప్పి మాత్రం వాడిదాంట్లో నిండుగా ఉంది. తీరా చూస్తే నా కళ్ళజోడు వల్ల సందు పడుతోంది; జోడు తీసి వింటే ఆ తేడాలో సగం పోయింది. కానీ బరువును బట్టి ఏది ఎవరిదో తెలిసిపోయింది. అందుకని ఈ పరీక్ష పూర్తిగా నమ్మదగ్గది కాదు" అనెను.

అతని హెడ్‌ఫోను మంచిదో కాదో నేను చెప్పలేదు. తన పరీక్షలోని లోపమును తానే కనిపెట్టినందుకు సంతోషించితిని.