భోజనాల బల్లమీద పుట్టిన కంప్యూటర్ సంస్థ

కంప్యూటరు తనంత తాను ఏ పనీ చేయదు. ఏ పని తరువాత ఏ పని చేయవలెనో వరుసగా ఆదేశాలు వ్రాసి ఇవ్వాలి. ఈ వరుసనే ప్రోగ్రాం అంటాము. 1960 ప్రాంతంలో ప్రోగ్రాములను విడిగా డబ్బిచ్చి కొనే అలవాటు దాదాపు లేదు. యంత్రంతోపాటు అవి ఉచితంగా వచ్చేవి. అట్టి రోజులలో, 1962లో, ఇంగ్లండులో స్టెఫనీ షర్లీ అనే ఆమె ఆరు పౌన్ల పెట్టుబడితో, తన భోజనాల బల్ల వద్ద, ప్రోగ్రాములు వ్రాసి అమ్మే సంస్థను ప్రారంభించింది.

ఆమె 1933లో జర్మనీలో జన్మించింది. తండ్రి యూదు న్యాయమూర్తి. నాజీల బారినుండి తప్పించడానికి 1939లో అయిదేళ్ల ఆ పిల్లను అక్కతోపాటు రైలెక్కించి ఇంగ్లండుకు పంపివేశారు. అక్కడ ఆమె చదివిన బాలికల పాఠశాలలో గణితం చెప్పేవారు లేరు. మగపిల్లల బడికి వెళ్లి నేర్చుకోవలసి వచ్చింది! తపాలాశాఖవారి పరిశోధనశాలలో ఉద్యోగం చేస్తూ, సాయంకాలపు తరగతులలో గణితశాస్త్ర పట్టం పొందింది.

పెళ్లయి, పిల్లలు పుట్టి ఉద్యోగం మానుకొన్న చదువుకొన్న స్త్రీలనే ఆమె తన సంస్థలో చేర్చుకొన్నది. వారిని అడిగే ప్రశ్నలలో ఒకటి, టెలిఫోను సౌకర్యం ఉన్నదా అని. కంప్యూటరు ఉన్నదా అని కాదు. అది అవసరమే లేదు. వారు ఇంటివద్దనే పెన్సిలుతో పనిక్రమాన్ని తెలిపే పటం గీసి, దానినిబట్టి ఆదేశాలు వ్రాసి, తపాలాలో పంపేవారు. కేంద్రంలో వాటిని కాగితపు పట్టీలమీదనో, కార్డులమీదనో రంధ్రాలుగా పొడిచి, తప్పులు తెలియడానికి రెండవసారి కూడ పొడిచేవారు. ఇంత జరిగిన పిమ్మటనే అది యంత్రం దగ్గరకు చేరేది. ఈ పనికి గదినిండా యంత్రం కాక, తర్కం, ఓపిక కావాలని ఆమె కనిపెట్టింది. నా దృష్టిలో ఆమె చేసిన అసలైన ఆవిష్కరణ ఇదే.

పని దొరకడమే కష్టమయింది. స్టెఫనీ అని సంతకం చేసిన ఉత్తరాలకు జవాబులు రాలేదు. భర్త సలహాపై "స్టీవ్" అని సంతకం చేయగా రాసాగాయి. టెలిఫోనులో పసివాని ఏడుపు వినబడకుండా, టైపు కొడుతున్న చప్పుడును టేపుపై వినిపించేది. ఎవరు ఎన్ని గంటలు, ఎక్కడ కూర్చుని పనిచేశారో బయటపడకుండా, పని మొత్తానికి ఒకే ధర చెప్పేది. ధ్వనికన్న వేగంగా పోయే కాంకార్డ్ విమానపు "నల్లపెట్టె"కు ప్రోగ్రాం వ్రాసినది ఇట్లా ఇళ్లలో కూర్చున్న స్త్రీలే.

మొదటి 300 మంది ఉద్యోగులలో పురుషులు ముగ్గురే. 1975లో బ్రిటనులో స్త్రీపురుష వివక్షను నిషేధిస్తూ చట్టం రాగా, స్త్రీలకే ఉద్యోగాలన్న నియమం చట్టవిరుద్ధమై, పురుషులకూ చోటివ్వవలసి వచ్చింది.

పని ఇవ్వడంతో ఆమె ఆగలేదు. సంస్థ వాటాలను క్రమంగా ఉద్యోగుల చేతికే అందజేసింది. ఆమె చెప్పిన లెక్క ప్రకారం వారిలో 70 మంది పదిలక్షల పౌన్లకు పైబడిన ఆస్తిపరులైనారు.